రెండు గంటలు నిలబడ్డాక వాళ్లకు నా చీర కనిపించింది

నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. కాళ్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి, కోపమూ చల్లారలేదు. చల్లారేలోపే రాసేద్దామని కూర్చున్నాను. వినోదాల పార్కులో పట్టాల మీద పైకెక్కి కిందికి జారే ఆ కొత్త ఫ్యామిలీ రైడు కోసం అంతసేపు నిలబడటం దండగ కాదా అని పొద్దున్నుంచి నలుగురు అడిగారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక నాకు లేదు.

పార్కు పేరు రాయను. రాస్తే ఎండలో గేటు దగ్గర నిలబడే కుర్రవాళ్ల ఉద్యోగాలు పోతాయి తప్ప, ఏసీ గదిలో కూర్చుని నియమాలు తయారు చేసినవాళ్లకు ఏమీ కాదు.

ఆదివారం వెళ్లడం మా తప్పే. బెజవాడ ఆటోనగర్‌లో మాకు బైకుల విడిభాగాల దుకాణం ఉంది. ఆదివారం తప్ప మా వారికి తీరదు. గుంటూరు బ్రాడీపేట నుంచి మా ఆడపడుచు తన ఇద్దరు పిల్లలతో శనివారమే వచ్చింది. మేమిద్దరం, మా అమ్మాయి, అబ్బాయి, అత్తయ్యగారు, వాళ్లు ముగ్గురు, మొత్తం ఎనిమిది మందిమి. ఆలోచన పిల్లలదే అయినా ఆశ పుట్టించింది మాత్రం బెంజి సర్కిల్ దగ్గరి ఫ్లెక్సీ. అందులో ఒక నాన్న, ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు రైడులో చేతులు పైకెత్తి నవ్వుతుంటారు. ఆ అమ్మ కట్టుకున్నది చీర. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

టికెట్లకు పావుగంట పట్టింది. పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆపేశారు, తిరిగి కారులో పెట్టి వచ్చాం. లాకరు దొరికింది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

పన్నెండూ ఇరవైకి రైడు క్యూ మొదట్లో నిలబడ్డాం. అత్తయ్యగారు "నన్ను ఎక్కించకండర్రా, మీ సంచులు చూస్తూ కూర్చుంటాను" అని చెట్టు కింద బల్ల చూసుకున్నారు. మా అందరిలో తెలివైన నిర్ణయం ఆవిడదే. క్యూ మొదట్లో ఒక అట్ట కుందేలు ఉంది, దాని చెవుల వరకు తల తగిలితే ఎక్కవచ్చు, అంటే 105 సెంటీమీటర్లు. మా ఆడపడుచు చిన్నవాడిని చెప్పులు విప్పించి మరీ నిలబెట్టి కొలిచారు. వాడు తగిలాడు. కొలిచిన కుర్రవాడు నన్ను తేరిపార చూశాడు, "ఎంతమందమ్మా?" అని అడిగాడు, చేతి మీద ముద్ర వేశాడు. నేను అప్పుడు కూడా చీరలోనే ఉన్నాను.

పక్కన బోర్డు మీద "వేచి ఉండే సమయం 60 నిమిషాలు" అని రాసి ఉంది. దుకాణం లెక్కలు చూసేదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. ఇనుప కమ్మీల మధ్య వరుసకు నలభై అయిదు మంది చొప్పున పది వరుసలు ఉన్నాయి. అంటే మా ముందు 450 మంది. రైలుకు అయిదు బోగీలు, బోగీకి నలుగురు. ఒక రైలు కదిలినప్పటి నుంచి మళ్లీ కదిలేవరకు ఫోనులో చూస్తే సరిగ్గా నాలుగు నిమిషాలు. గంటకు పదిహేను విడతలు, మూడు వందల మంది. అలా అయినా గంటన్నర కావాలి. కానీ ప్రతి విడతలోనూ ముందు ఆరు సీట్లు ఎక్కువ డబ్బు కట్టి పక్క దారిలో వచ్చేవాళ్లకు పోతున్నాయి. మాకు మిగిలేవి పద్నాలుగు. గంటకు 210 మంది. 450ని 210తో భాగిస్తే రెండు గంటల మీద ఎనిమిది తొమ్మిది నిమిషాలు. పైకి చేరేసరికి రెండున్నర అయింది. బోర్డు రాసినవాడికి భాగహారం రాదని అనుకోను. 60 అని రాస్తే జనం నిలబడతారని వాడికి బాగా తెలుసు.

డబ్బు కట్టే ఆ పక్క దారి గురించి మా అమ్మాయి ఫోనులో వెతికి చెప్పింది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1999లో ఈ పద్ధతి పెట్టినప్పుడు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదట. చీటీ ఇచ్చి ఫలానా వేళకు రమ్మనేవారట. 2021లో దాని బదులు డబ్బులది వచ్చిందట. మంచి పద్ధతులు మన దాకా వచ్చేసరికి వాటి రెండో రూపమే వస్తుంది.

నిలబడటానికి నేను భయపడే మనిషిని కాను. బెజవాడలో పుట్టి పెరిగినదానికి క్యూ కొత్తా? దసరాల్లో మూలా నక్షత్రం నాడు వన్‌టౌన్ వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే వరుసలో నిలబడి, సరస్వతీదేవి అలంకారంలో ఉన్న కొండ మీది దుర్గమ్మవారిని చూసి వచ్చినదాన్ని. 2016 కృష్ణా పుష్కరాల పన్నెండు రోజుల్లో నాలుగు రోజులు అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని పద్మావతి ఘాట్‌లో దిగినదాన్ని. కానీ కొండ మీద క్యూలో చంటిపిల్లలకు పాలు ఇస్తారు, పెద్దవాళ్లకు మంచినీళ్లు అందిస్తారు. చివరికి చేరాక "నీ బట్టలు బాగాలేవు, వెళ్లు" అని కొండ మొదలుకు పంపించరు.

రెండున్నరకు మా విడత వచ్చింది. అడ్డుకమ్మీ తెరుచుకుంది. పిల్లలు పరుగెత్తి మూడో బోగీలో కూర్చున్నారు. నేను కుచ్చిళ్లు ఎడమ చేత్తో పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాను.

"అమ్మా, చీరతో ఎక్కకూడదు."

ఇరవై ఏళ్లుంటాయి ఆ అబ్బాయికి. మెడలో ఈల. నా ముఖం వైపు చూడటం లేదు, నా కాళ్ల వైపు చూస్తున్నాడు. కొంగు నడుముకు చుట్టి దోపానని, మూడు పిన్నులు పెట్టానని చూపించాను. "చక్రాల్లో పడుతుందమ్మా. కింద కౌంటర్లో ప్యాంటు అద్దెకు ఇస్తారు, మార్చుకుని రండి."

"మార్చుకుని వస్తే ఇటు నుంచే పంపిస్తారా?"

"మళ్లీ లైన్లోనే రావాలమ్మా."

మా ఆడపడుచు చున్నీ తీయించి బుట్టలో పడేయించాడు, తనను ఎక్కించాడు. మా వారు సీట్లోంచి లేవబోయారు. "మీరు కూర్చోండి, పిల్లలు ఒంటరిగా ఉంటారు" అన్నాను. ఆడపడుచు "వదినా, నేనూ దిగిపోనా?" అంది. వెనక నుంచి ఎవరో "త్వరగా తేల్చండమ్మా" అని అరిచారు. మా అబ్బాయి తల వంచుకున్నాడు. పన్నెండేళ్లవాడు. వాడి చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

ఇంతటితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. రైడు దిగినవాళ్లు వెళ్లే మెట్లు పట్టాలకు అవతలి వైపున ఉన్నాయి. ఎక్కనివాళ్లకు వేరే దారి లేదు. వచ్చిన దారినే, పది వరుసలూ, 450 మందిని తప్పుకోమంటూ ఎదురు వెళ్లాలి. ఇద్దరు పక్కపక్కన పట్టని సందు అది. "కొంచెం జరగండి, కొంచెం దారివ్వండి" అంటూ నేను, నడుముకు దోపిన కొంగుతో. ప్రతి మలుపులోనూ ఒకే ప్రశ్న: "ఏమైందమ్మా, భయమేసిందా?"

మొదటి ఇద్దరికీ సంగతి చెప్పాను. మూడో మలుపులో గొంతు పూడుకుపోయి తల ఊపాను. ఆ తల ఊపు ముందుకు పాకిపోయింది. నేను నాలుగో వరుసకు చేరేసరికి అక్కడివాళ్లకు "ఎవరో ఆవిడ భయపడి దిగిపోయిందట" అని తెలిసిపోయింది. ఒక పెద్దాయన చేత్తో దారి చేస్తూ "పరవాలేదమ్మా, మా ఆవిడా ఇంతే, జెయింట్ వీల్ కూడా ఎక్కదు" అని ఓదార్చాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదను భరించడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇరవై ఏళ్లుగా బందరు రోడ్డు మీద స్కూటరు నడుపుతున్న మనిషిని నేను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ అబ్బాయి చెప్పిన నియమం తప్పు కాదు. చీర చక్రంలో పడితే ఏమవుతుందో మా దుకాణంలో కూర్చునే నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. శారీ గార్డులు అమ్ముకుని బతికేవాళ్లం. బైకు వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పేలా రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చిక్కుకోకూడదనే అది పెట్టారు. అంటే చీర కట్టుకున్న మనిషి బండెక్కుతుందని ఈ దేశానికి 1989లోనే తెలుసు. ఫ్యామిలీ రైడు పెట్టినవాళ్లకు మాత్రం క్యూ చివర తెలుస్తుంది. పిల్లాడి ఎత్తు కింద కొలిచినప్పుడు నా చీర కూడా కిందే చూడవచ్చు కదా? కుందేలు పక్కన ఒక చీర బొమ్మ గీసి అడ్డగీత కొట్టడానికి ఎంత రంగు ఖర్చవుతుంది?

బోర్డు ఉందండీ, లేదనను. తర్వాత వెతికి పట్టుకున్నాను. టికెట్ కౌంటర్ పక్కన, ఇంగ్లీషులో, పందొమ్మిది నియమాల మధ్య పదకొండోది: వదులు దుస్తులు నిషేధం. అయిదున్నర మీటర్లు బిగించి కట్టి మూడు పిన్నులు పెట్టుకున్నదాన్ని వదులు దుస్తులంటారని నాకెలా తెలుస్తుంది?

ఫిర్యాదు చేస్తానంటే ఒక కాగితం ఇచ్చారు. అందులో అయిదు ముఖాలు, ఏడుపు నుంచి నవ్వు వరకు. పరిశుభ్రత ఎలా ఉంది, ఆహారం ఎలా ఉంది అని మాత్రమే ప్రశ్నలు. వెనక్కి తిప్పి తెలుగులో రెండు వైపులకు సరిపడా రాశాను, రెండో వైపు లేదు కాబట్టి అంచుల మీద కూడా రాశాను. తీసుకున్న అమ్మాయి చదవకుండానే "ధన్యవాదాలు మేడం" అంది.

మావాళ్లు దిగి వచ్చారు. ఎలా ఉందని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మా అబ్బాయి మాత్రం పుల్ల ఐసు తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరు దాటాక జనం పలచబడ్డారు. మా అమ్మాయి వదల్లేదు. కౌంటర్లో ప్యాంటు అద్దె నూట యాభై, డిపాజిట్ మూడు వందలు. చిలకాకుపచ్చ రంగు, కొంచెం తడి, నడుము దగ్గర సాగిపోయిన ఎలాస్టిక్. పైన మా వారి చొక్కా. (ఆయన బనియన్ మీద అత్తయ్యగారి శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఈ త్యాగం నేను మరిచిపోను.) ఈసారి క్యూ పన్నెండు నిమిషాలు. అదే అబ్బాయి, అదే ఈల. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు, ఒళ్లో కమ్మీ దించి రెండుసార్లు లాగి చూశాడు.

రైడు బాగుంది. అబద్ధం ఎందుకు రాయాలి? గొలుసు బోగీలను పైకి లాగుతుంటే కింద టకటకమని చప్పుడు వస్తుంది. అది గొలుసు చప్పుడనుకున్నాను. కాదు, గొలుసు తెగినా బోగీ వెనక్కి జారకుండా పళ్ల పట్టీలో పడే కొక్కెం చప్పుడని మా వారు ముందే చెప్పారు. కొన వరకు వెళ్లాక ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణం ఏ శబ్దమూ ఉండదు. మునిమాపు వెలుగులో తాటిచెట్ల తలలు నా కాళ్ల కిందికి వచ్చాయి. ఆ తర్వాత కడుపులోంచి ఏదో పైకి లేచింది, నేను అరిచాను, మా అమ్మాయి నన్ను చూసి అరిచింది. బోగీకి పట్టా పైన, పక్కన, కింద కూడా చక్రాలుంటాయి. కింది చక్రాల ఏర్పాటుకు జాన్ మిల్లర్ అనే అమెరికా ఆయన 1919లో పేటెంటు తీసుకున్నాడని మధ్యాహ్నం క్యూలో మా అమ్మాయి చదివి వినిపించింది. లేవబోయినా బోగీ పట్టాను వదలదు. ఆ భరోసాతోనే కళ్లు తెరిచి ఉంచాను.

మొత్తం వంద సెకన్లు.

ఇక లెక్క. మధ్యాహ్నం నిలబడింది 130 నిమిషాలు. నిలబడ్డ ఒక్కో నిమిషానికి దక్కేది ముప్పావు సెకను రైడు. అది కూడా ఎక్కనిస్తే. సాయంత్రం పన్నెండు నిమిషాలకు వంద సెకన్లు, అంటే నిమిషానికి ఎనిమిది సెకన్లకు పైమాటే. మొదటిది శుద్ధ దండగ, రెండోదానికి నేను మళ్లీ వెళతాను. వెళ్లేవాళ్లు పనిరోజు వెళ్లండి, లేకపోతే ఆఖరి గంటలో ఎక్కండి. బోర్డును నమ్మవద్దు, సీట్లు లెక్కపెట్టండి. ఆడవాళ్లు చున్నీ లేని చుడీదారు వేసుకోండి. అక్కడి మిరపకాయ బజ్జీ తినవద్దు.

దిగి వెళ్లేసరికి ప్యాంట్ల కౌంటర్ మూసేసి ఉంది. ఆరున్నరకే మూస్తారట, రైడు ఏడు వరకు నడుస్తుంది. నా మూడు వందలు లోపల, వాళ్ల ప్యాంటు నా ఒంటి మీద. రేపు రండి అన్నాడు కాపలా ఆయన. పెట్రోలుకే అంతకు మించి అవుతుందని మా వారు అన్నారు. ఉతికి మేడ మీద దండెం మీద ఆరేశాను. పార్కు పేరు రాయనని మాటిచ్చాను కానీ ప్యాంటు వెనక జానెడు అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. అందుకే తిరగేసి ఆరేశాను.