మ్యూనిక్‌లో మైక్ సెట్ బాబాయి

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్‌కి మూడున్నర గంటల ప్రయాణం. ఆ రోజు ఐదు గంటలు పట్టింది. దిగాక హోటల్లో ఇంకో దెబ్బ. మామూలు రోజుల్లో 90 యూరోలకు దొరికే గదికి 190 అన్నారు. ఊళ్లో హై ఎండ్ షో కదా, ఖరీదైన స్పీకర్లు, ఆంప్లిఫయర్ల ప్రదర్శన, అడిగే నాథుడు లేడు. 2025 మే అది. మరుసటి ఏడాది నుంచి ఈ షో వియన్నాకి వెళ్లిపోతుందని తెలిసి, ఇప్పుడు కాకపోతే కుదరదని బయల్దేరాను. 2004కి ముందు ఇది మా ఫ్రాంక్‌ఫర్ట్ వైపే జరిగేదట. అప్పుడు నేను గుంటూరులో ఇంటర్ చదువుతున్నాను.

పొద్దున్నే మరియెన్‌ప్లాట్జ్‌లో యూ6 ఎక్కి కీఫర్న్‌గార్టెన్‌లో దిగాను. షో జరిగే ఎంఓసీ హాళ్లలోకి వెళ్లాక మొదటి మూడు గంటలు ఏం చూశానో నిజంగా గుర్తు లేదు. నేను వచ్చింది ఒక్కదానికోసం. వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం) ఆంప్లిఫయర్‌తో రిబ్బన్ స్పీకర్ ఎలా పాడుతుందో నా చెవులతో వినాలి. రిబ్బన్ అంటే కోను, పెట్టె ఏమీ ఉండవు. అయస్కాంతాల మధ్య వేలాడే అల్యూమినియం రేకు, కొన్ని మైక్రాన్ల మందం. ఆ రేకే కదులుతుంది, ఆ రేకే పాడుతుంది. అంత తేలికైన దాని మీద వీణ మీటు ఎలా పడుతుందో అని ఏళ్లుగా ఊహించుకుంటున్నాను.

ఒక గదిలో దొరికాయి. మనిషి ఎత్తు ప్యానెళ్లు, గోడకి మీటరుపైనే ఎడంగా నిలబెట్టారు. వెనక్కి కూడా అంతే శబ్దం వెళ్తుంది కాబట్టి ఆ ఎడం తప్పదు. మధ్యలో కేటీ88 వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. నా దగ్గరున్న చిట్టిబాబు గారి వీణ పెట్టమని అడిగితే పెట్టారు.

మనసు చివుక్కుమంది. తాళపు తీగల చిరుమోత అద్భుతంగా ఉంది, కానీ మంద్ర తీగ గట్టిగా మీటినప్పుడల్లా శబ్దం గొంతు పట్టేసినట్టు నలిగిపోతోంది. ఇంత దూరం, ఇంత ఖర్చు, దీనికోసమా? వాట్లు చాలట్లేదేమో అనుకున్నాను. ఇలాంటి ప్యానెళ్లు ఒక వాట్‌కి 85 డెసిబెల్స్ చుట్టుపక్కలే ఇస్తాయి. 300బి వాల్వు ఒక్కటి పెట్టిన 8 వాట్ల ఆంప్ అయితే 94 దగ్గర ఆగిపోవాల్సిందే. కానీ ఇది వాల్వులు జతగా పనిచేసే 70 వాట్ల పుష్‌పుల్.

పక్క కుర్చీలో డెబ్బై దాటిన జర్మన్ ఆయన ఉన్నారు. నా ముఖం చూశారేమో, మెల్లగా లేచి ఆంప్ వెనక్కి వెళ్లి వంగి చూశారు. నన్నూ రమ్మని చెయ్యి ఊపారు. వెనక నాలుగు ఇత్తడి మరలు, కింద 0, 4, 8, 16 అని అంకెలు. స్పీకర్ ఎన్ని ఓమ్‌లదైతే ఆ అంకె మీద వైరు బిగించాలి, వీటినే ట్యాప్‌లంటారు. నల్ల వైరు 0 మీద, ఎర్ర వైరు 8 మీద ఉన్నాయి. "ఈ స్పీకర్ 4 ఓమ్‌లది కదండీ" అన్నారు ఆయన, అంతే. ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు.

నాకు ఒక్కసారిగా మా ఊరి మైక్ సెట్ బాబాయి కళ్లముందు నిలబడ్డాడు. శ్రీరామనవమికి పందిరి మీద నాలుగు హారన్లు కట్టేవాడు. యూనిట్లు ఒక్కొక్కటి 16 ఓమ్‌లు. నాలుగూ పేరలల్‌గా కలిపితే మొత్తం 4 ఓమ్‌లే అవుతాయి కాబట్టి వైరు 4 మీద బిగించి, స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని మరీ రెండోసారి చూసుకునేవాడు. "ఒరేయ్ అబ్బాయ్, వాట్లు తర్వాత. ముందు ఓమ్‌లు చూడు. లేదంటే వాల్వు కాలుద్ది" అనేవాడు.

గదిలో ఉన్న కుర్రాడికి చెప్తే ముందు ఇబ్బంది పడ్డాడు, తర్వాత వచ్చి చూసి ఆంప్ ఆపేశాడు. వాల్వు ఆంప్ నడుస్తుండగా స్పీకర్ వైరు పీకకూడదు, లోడు, అంటే స్పీకర్, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కే ప్రమాదం. వైరు 4 మీదికి మార్చి మళ్లీ ఆన్ చేశాక, వాల్వులు వేడెక్కేదాకా ఆగాం. మా తాతయ్య వాల్వు రేడియో ముందు కూర్చుని విజయవాడ స్టేషన్ పలికేదాకా ఇలాగే ఎదురుచూసేవాళ్లం.

శబ్దం ముందుకంటే కొంచెం తగ్గింది, వాల్యూమ్ పెంచాల్సి వచ్చింది. అప్పుడు వచ్చింది మంద్ర తీగ. నలగలేదు. వేలు తీగని లాగడం, గమకం మెట్టు మీద ఊగడం, ఆ మోత పూర్తిగా చల్లారడం, అన్నీ విడివిడిగా వినిపించాయి. నేను కళ్లు తుడుచుకున్నాను.

బయట బెంచీ మీద ఆయన నాకు ప్రెట్జెల్ కొనిపెట్టారు (ఆ డబ్బుతో గుంటూరులో నలుగురు టిఫిన్ చేసి రావచ్చు). ఆయన ఇంట్లో చాలాకాలం అపోజీ సింటిల్లా ఉండేదట, 1980ల అమెరికన్ రిబ్బన్, 1 ఓమ్ లోడు. దాన్ని 4 ఓమ్‌ల ట్యాప్‌కి తగిలిస్తే వాల్వులకి కనిపించేది వాటికి కావాల్సిన లోడులో నాలుగో వంతే. పవర్ రాదు, డిస్టార్షన్ వస్తుంది. చివరికి ఓడిపోయి క్రెల్ ట్రాన్సిస్టర్ ఆంప్ కొన్నారట. "కానీ రిబ్బన్ మంచి మనసున్నది" అన్నారు. మామూలు పెట్టె స్పీకర్ ఓమ్‌లు స్వరానికో రకంగా ఎక్కి దిగుతుంటాయి, దాంతో వాల్వు ఆంప్ స్వరం వంకర పోతుంది. రిబ్బన్ దాదాపు ఒకే అంకె మీద నిలబడుతుంది. ఆ అంకెకి సరైన ట్యాప్ చూపిస్తే వాల్వుకి అంతకన్నా హాయైన జోడీ లేదని ఆయన నమ్మకం. ఆ మధ్యాహ్నం నుంచి నాదీ అదే.

మిగిలిన హాళ్లు చూడలేదు. తిరుగు రైల్లో అమ్మకి ఫోన్ చేశాను. బాబాయి పోయి ఆరేళ్లయింది. ఆంప్లిఫయర్ వాళ్ల అటక మీదే ఉందంది. దుమ్ము దులపొద్దు, వైర్లు పీకొద్దు, ఉన్నదున్నట్టు వెనకవైపు ఫొటో తీసి పంపమని చెప్పాను.