రాత్రికి ఒక మనిషి కావాలి

ఆదివారం. అత్తయ్యను చూసుకునే ఫిరంగిపురం ఆవిడకు సెలవు. నిన్న సాయంత్రం అత్తయ్యకు జావ తాగించి, మందులు వేసి, సంచి భుజాన తగిలించుకుని వెళ్లిపోయింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆ ప్రయాణం తేలికైంది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు, నరసరావుపేట బస్సెక్కి కూర్చోవడమే. మళ్లీ ఈ రాత్రికి గానీ రాదు.

వారానికో రోజు సెలవు ఇస్తున్నామంటే మా గుంటూరు బ్రాడీపేటలో కొందరు నా వంక వింతగా చూస్తారు. "అంత జీతమిచ్చి మళ్లీ సెలవు కూడానా అమ్మాయ్?" అని ఎదురింటి పిన్నిగారు మొహం మీదే అడిగారు. ఇస్తే ఉంటుంది, ఇవ్వకపోతే పోతుంది పిన్నిగారూ, అన్నాను. ఈవిడకు ముందు వచ్చినవాళ్లందరూ చెప్పాపెట్టకుండా మానేసినవాళ్లే. ఈ రోజుల్లో మనుషులు నిలబడటం లేదని అందరూ అంటారు. ఇళ్లకు మనుషులను పంపే ఏజెన్సీ వాళ్ల కాగితం మీద "24 గంటల డ్యూటీ" అని ఉంటుంది. రాత్రి రెండు గంటలకోసారి లేచి పేషెంటును పక్కకు తిప్పిన మనిషి, తెల్లారాక స్నానం చేయించి, బట్టలు ఉతికి, మూడు పూటలా తినిపించాలి. మధ్యలో నిద్ర ఎప్పుడో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఎవరు నిలబడతారు?

అత్తయ్యకు 82 ఏళ్లు. కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ఉంది. కొంచెం ముద్దగా వస్తుందంతే, పదును మాత్రం తగ్గలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి అలారం మోగింది. మా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు నిలబడ్డాం. పాత కాటన్ చీర ఒకటి నాలుగు మడతలు వేసి, అత్తయ్య భుజాల నుంచి తొడల దాకా ఎప్పుడూ కింద పరిచే ఉంచుతాం. దాని అంచులు పిడికిట్లోకి చుట్టుకుని, ఇద్దరం ఒకేసారి కాస్త పైకి లేపి జరపాలి. లాగకూడదు. లాగితే చర్మం పక్కకు రాసుకుని పైపొర లేస్తుంది, పుండు అక్కడే మొదలవుతుంది. పక్కకు తిప్పాక వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి. మడమలు మాత్రం దేనికీ ఆనకూడదు.

నడుం కింద ఎముక దగ్గర టార్చి వేసి చూస్తే రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి వదిలాను. తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది. హమ్మయ్య. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే లెక్క. అత్తయ్యది పచ్చని ఛాయ కాబట్టి కంటికి తెలుస్తుంది. నలుపు మనిషైతే చేత్తో తాకి చూసుకోవాలి, అక్కడ వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఎర్రబడిన చోట రుద్దకూడదని, పౌడరు వేసి మర్దనా చేయకూడదని చెప్పింది ఫిరంగిపురం ఆవిడే. చుట్టాలెవరో ప్రేమగా తెచ్చిన గాలి రింగు కూడా ఆవిడే తీసి అటక మీద పెట్టింది. మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, హాయిగా ఉంటుందనుకుంటాం గానీ, రింగు చుట్టూ ఒత్తుకుని రక్తం ఆడక ఇంకా చేటు.

స్నానం అంటే తడిబట్టతో ఒళ్లు తుడవడమే. బట్టలు మార్చేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర రావాలి. ఆ చెయ్యి పట్టుకుని లేపకూడదు, భుజం కీలు జారుతుంది. పలకరించడానికి వచ్చినవాళ్లు సరిగ్గా ఆ చెయ్యే పట్టుకుని "లే అత్తా, కూర్చో" అని లాగుతారు. వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచడం నాకు అదనపు పని.

అత్తయ్యకు నైటీ అంటే ఒళ్లు మంట. "పెళ్లినాటి నుంచి చీర కట్టినదాన్ని, ఈ గౌనేంటే నాకు?" అని రోజూ ఒకసారి అనాల్సిందే. ఇడ్లీలోకి గోంగూర వెయ్యమని ఇంకోసారి. బీపీ ఉంది, ఉప్పు తగ్గించమన్నారు అత్తయ్యా అంటే, "గుంటూరులో పుట్టి గోంగూర లేకుండా చావమంటావా?" అంటుంది. వేలి కొసకంటిన ముద్ద పెట్టాను. డాక్టరు గారికి చెప్పొద్దు.

తినిపించడం తొందర పనికాదు. మంచం తలవైపు బాగా ఎత్తి, గడ్డం కాస్త కిందకు దించి, చిన్న చెంచాతో కుడివైపు నుంచి పెట్టాలి. గొంతు కదిలి మింగిందని చూశాకే రెండో చెంచా. ఎడమ బుగ్గలో ముద్ద దాక్కుని ఉంటుంది, ఆవిడకే తెలియదు. చిక్కటి జావ దిగినంత సులువుగా మంచినీళ్లు దిగవు, పొలమారుతుంది. అదే ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఆ అరగంట టీవీలో ప్రవచనం పెడతాం.

మధ్యాహ్నం మా ఆయనను అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి, రాత్రి పూటకు ఇంకో మనిషిని మాట్లాడటానికి కొత్తపేట వెళ్లాను. ఆదివారం మిర్చి యార్డుకు సెలవు కాబట్టి ఆయన ఇంట్లో దొరికారు. మందుల షాపుల మీద రెండో అంతస్తులో ఏజెన్సీ. కౌంటర్లో కుర్రాడు రిజిస్ట్రేషన్ ఫీజు, ఒక నెల అడ్వాన్సు, మనిషి నచ్చకపోతే మార్చి ఇస్తాం అని చీరల కొట్లో చెప్పినట్టు చెప్పుకుపోయాడు. వచ్చేది ఆయానా, నర్సు చదువు ఉన్న మనిషా అని అడిగాను. "అన్నీ చేస్తారు మేడం" అన్నాడు. అన్నీ చేయకూడదు బాబూ. ఇంజక్షన్ వేయడం, యూరిన్ పైపు మార్చడం ఆయా పని కాదు. మాకు అవి అక్కర్లేదు కాబట్టి ఆయా చాలు, ఆధార్ కాపీ ఇస్తే పోలీస్ వెరిఫికేషన్ మేమే చేయించుకుంటాం అన్నాను. అతనికి నేను నచ్చలేదు.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. రిటైరైన ఉద్యోగి. భార్య మంచం పట్టింది, పిల్లలు దూరంగా ఉన్నారు. ఎత్తి కూర్చోబెట్టడానికి ఒక మనిషి ఉంటే చాలంటున్నారు. ఆయనే ఎనభైకి దగ్గర్లో ఉన్నట్టున్నారు. "70 దాటినవాళ్లకు 5 లక్షల కార్డు ఇచ్చారు కదమ్మా, ఆయా జీతం అందులో రాదా?" అని అడిగారు. వయ వందన కార్డు ఆస్పత్రిలో చేరితే వైద్యానికండీ, ఇంట్లో మనిషికి రాదు అన్నాను. మంచానికే పరిమితమైన పక్షవాతం రోగులకు రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పింఛనులో నెలకు 15,000 ఇస్తారు గానీ, ఇంట్లో సర్కారు పెన్షను ఉంటే దాని ఆశ వదులుకోవాల్సిందే. 14567కి చేస్తే మనిషిని పంపుతారా అన్నారు. పంపరు. అది పెద్దవాళ్ల హెల్ప్‌లైన్. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు, ఇంట్లో ఎవరైనా వేధిస్తే కలగజేసుకుంటారు, చట్టం గురించి సలహా ఇస్తారు. ఆయన ఆ నంబరు చేతిలోని పుస్తకం వెనక పేజీలో రాసుకున్నారు. జబ్బు చేస్తే చూడటానికి ఏదో ఒక కార్డుంది. జబ్బు తగ్గాక మిగిలిపోయిన మనిషిని చూసుకోవడానికి మాత్రం ఇలాంటి ఇళ్లలో ఇంటివాళ్ల ఒళ్లు, ఇంటివాళ్ల డబ్బు తప్ప ఇంకేమీ లేదు.

మా రాత్రి డ్యూటీకి ఒక మనిషిని పిలిపించారు. నల్లపాడు ఆవిడ, నలభై ఉంటాయి, ఒక నర్సింగ్‌హోంలో చేసి మానేసిందట. మా ఇంటి సంగతి అంతా విని మూడు ప్రశ్నలు వేసింది. రాత్రి కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ ఉందా? బాత్రూం ఏది వాడుకోవాలి? వంటింట్లో టీ పెట్టుకోవచ్చా? కుర్రాడు మొహం చిట్లించాడు. నాకైతే ఆ ప్రశ్నలతోనే నమ్మకం కుదిరింది. నాలుగు రోజుల్లో మానేసే మనిషి కుర్చీ గురించి అడగదు. "మామ్మగారిని మా అమ్మలా చూసుకుంటానండీ" అన్న వాళ్లను ఇదివరకే చూశాం.

రాత్రి పన్నెండు గంటల డ్యూటీకి నెలకు 15 వేలన్నారు. మెట్లు దిగుతూ నీకెంత ఇస్తారమ్మా అని అడిగితే 11 వేలంది. నేరుగా పెట్టుకుంటే జరిమానా అని అగ్రిమెంటులో ఉందట. సంతకం పెట్టాను, ఏం చేస్తాం.

సాయంత్రం న్యూజెర్సీ నుంచి ఆడపడుచు వీడియో కాల్. ముందు కెమెరా గొడవ. ఆ కెమెరా తనే పంపింది, మంచానికి ఎదురుగా బీరువా మీద ఉంటుంది. "వదినా, రోజూ రెండు మూడు సార్లు ఆవిడ దాని మీద తువ్వాలు కప్పేస్తోంది, ఎందుకు?" అంది. డైపర్ మార్చేటప్పుడు కప్పుతుంది, నేనే కప్పమన్నాను అన్నాను. దూరంగా ఉన్నదాని టెన్షన్ దానిది, కాదనను. అత్తయ్య మంచం మీది నుంచే అందుకుంది: "కడుపున పుట్టినదానివైనా నన్ను అలా చూడక్కర్లేదే." ఫోన్లో అటువైపు చాలాసేపు మాట లేదు. కెమెరాను గుమ్మం, కుర్చీ కనిపించేలా తిప్పేశాం.

తర్వాత డబ్బు మాట. అక్కడ 65 దాటినవాళ్లకు మెడికేర్ ఉన్నా, స్నానం చేయించి బట్టలు మార్చడానికి మాత్రమే మనిషి కావాలంటే అది ఇవ్వదట. కొలీగ్ వాళ్ల అమ్మకు గంటల లెక్కన సొంత డబ్బు పోస్తున్నారట. రాత్రి మనిషి జీతం నేను పంపుతాను వదినా, అంది. వద్దనలేదు. మొహమాటానికి ఇది వేళ కాదు.

తొమ్మిదింటికి ఫిరంగిపురం ఆవిడ వచ్చింది. వస్తూనే చేతులు కడుక్కుని, దుప్పటి తీసి మడమలు చూసింది. వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాను. తమ్ముడి భార్య చూసుకుంటోందట. 1వ తేదీన ఇంటికి తెచ్చిచ్చే 4,000 పింఛను ఆ పిల్ల చేతికే ఇప్పించేస్తానంది, ఊరికే చేయమంటే ఎవరు చేస్తారు మేడం అని.

బుధవారం నుంచి రాత్రికి వేరే మనిషి వస్తుందని చెప్పాను. ఆవిడ మొహం మారింది. "అంటే నా జీతం తగ్గిస్తారా?" తగ్గించం, రాత్రి నువ్వు ముందు గదిలో పడుకుంటావు, ఎవరూ లేపరు అన్నాను. నమ్మినట్టు లేదు. కాగితం తీసి ఇద్దరి వేళలు, జీతం, సెలవులు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రెండుసార్లు చదివి సంచిలో పెట్టుకుంది.

నిద్రపోయిందనుకున్న అత్తయ్య కళ్లు తెరిచింది. "ఆ వచ్చేదానికి గురక ఉందేమో కనుక్కున్నావా?"

అది మెలకువగా ఉండటానికే వస్తుంది అత్తయ్యా, అన్నాను.

"ఆ, అందరూ అలాగే అంటారు."

రేపు స్కూల్లో ఇంటర్వెల్లో ఫోన్ చేసి అడగాలి.