37 డిగ్రీల్లో కదలని ప్లాస్మిడ్ 28లో కదిలింది: నా అనుభవం

ఐదు నెలల తర్వాత నిన్న సాయంత్రం ప్లేటు మీద బాక్టీరియా కాలనీలు కనిపించాయి. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

గౌతమి గోదావరి సముద్రంలో కలిసే దగ్గర, యానాం దిగువన తీసిన నీటిలో సెఫోటాక్సిమ్ అనే యాంటిబయాటిక్‌కు లొంగని ఈ. కోలై బాక్టీరియా దొరికింది. మందును తట్టుకునే ఆ జన్యువు పక్క బాక్టీరియాకు పాకే ప్లాస్మిడ్ (క్రోమోజోముకు విడిగా ఉండే డీఎన్‌ఏ వలయం) మీద ఉందా, క్రోమోజోములో ఉందా అన్నది తేల్చాలి.

నీళ్ళ పని తేలికే. ఆటు వేళ స్టెరైల్ సీసాలో లీటరు పట్టి, ఐస్ పెట్టెలో ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాను. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ల మీద 1, 10, 100 మి.లీ. వడకట్టి, మి.లీ.కు 2 మైక్రోగ్రాముల సెఫోటాక్సిమ్ కలిపిన మెకాంకీ అగర్ (ఈ. కోలై లాంటివాటిని పెంచే మీడియం) మీద పరిచాను. సెఫోటాక్సిమ్ బదులు టెట్రాసైక్లిన్ అనే మందు వాడేవాళ్ళు మాత్రం మీడియంను ఉప్పునీటితో చేయకండి. అందులోని మెగ్నీషియం, కాల్షియం మందును పట్టేసుకుంటాయి, చావాల్సిన బాక్టీరియా కూడా బతికేస్తుంది.

అసలు కష్టం మేటింగ్‌లో, అంటే రెండు బాక్టీరియాలను కలిపి ప్లాస్మిడ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తుందా అని చూడడంలో. ఇచ్చేది (డోనర్) మన ఏటి ఈ. కోలై, పుచ్చుకునేది (రిసిపియంట్) సోడియం అజైడ్ అనే విషాన్ని తట్టుకునే ల్యాబు ఈ. కోలై జె53. రెండూ అర మి.లీ. చొప్పున కలిపి ఫిల్టర్ మీదికి తీసి, ఎల్బీ అగర్ మీద రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాను. పొద్దున సెలైన్‌లో కడిగి, మి.లీ.కు అజైడ్ 100, సెఫోటాక్సిమ్ 2 మైక్రోగ్రాములున్న ప్లేట్ల మీద పోశాను. అజైడ్ డోనర్‌ను, సెఫోటాక్సిమ్ జె53ని ఆపుతాయి; ప్లాస్మిడ్ అందుకున్న జె53 మాత్రమే పెరగాలి. ఒక్క కాలనీ లేదు. డోనర్ కల్చర్‌లో మిగిలిన మందు జె53ని చంపుతోందేమోనని రెండుసార్లు కడిగి చూశాను. నిష్పత్తి మార్చాను, అజైడ్ కొత్తది కలిపాను. అయినా సున్నాయే.

ప్రోగ్రెస్ సమీక్షలో కూర్చున్న పెద్దలు ఫలితాల కాగితం తిరగేయకుండానే "క్రోమోజోమే, రాసేయమ్మా" అన్నారు. మామూలు కిట్‌తో తీస్తే ప్లాస్మిడ్ కనబడలేదన్నది వాళ్ళ ఆధారం. ఆ కిట్ చిన్న ప్లాస్మిడ్ల కోసం చేసింది. వంద కిలోబేసులు (లక్ష డీఎన్‌ఏ అక్షరాలు) దాటినవి అందులో సరిగా రావు. కాడో, లియు 1981లో చెప్పిన పద్ధతికి వెళ్ళాను: 3 శాతం ఎస్‌డీఎస్ (కణాలను పగలగొట్టే డిటర్జెంట్), పీహెచ్ 12.6, వేడి చేయడం, ఆపై ఫినాల్-క్లోరోఫామ్. వోర్టెక్స్ (ట్యూబును గట్టిగా కుదిపే యంత్రం) వాడకూడదు, ట్యూబు చేత్తో మెల్లగా తిప్పాలి, లేకపోతే పెద్ద ప్లాస్మిడ్ తెగిపోతుంది. జెల్‌లో క్రోమోజోము మరక పైన సన్నటి గీత తేలింది. ప్లాస్మిడ్ ఉంది, కదలడం లేదంతే.

ప్లాస్మిడ్ ఏ జాతిదో చెప్పే రెప్లికాన్ టైపింగ్ పీసీఆర్ పెడితే హెచ్‌ఐ2 అని వచ్చింది. దాంతో చిక్కుముడి వీడింది. ఈ జాతి ప్లాస్మిడ్లు 22 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా బదిలీ అవుతాయి, 37లో ఆ యంత్రాంగం మూగబోతుంది. ఏటి నీటి బాక్టీరియాను ఒంటి వేడిలో పరీక్షించి "బదిలీ లేదు" అని రాసే ప్రతి నివేదికలోనూ ఉష్ణోగ్రత రాయాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. రెండు కల్చర్లనూ 28లో పెంచి, మేటింగ్ కూడా 28లోనే పెట్టాను. మూడు ప్లేట్లలోనూ కాలనీలు.

కాలనీ కనబడగానే నమ్మేయకండి. డోనర్ ఒక్కటే, జె53 ఒక్కటే పోసిన ప్లేట్లు ఖాళీగా ఉండాలి, లేకపోతే అవి ప్లాస్మిడ్ అందకుండా తమంతట తామే మారిన మ్యుటెంట్లు కావచ్చు. ప్రోలీన్, మిథియోనీన్ అనే అమైనో ఆమ్లాలు లేని మినిమల్ అగర్ (కనీస పోషకాల మీడియం) మీద జె53 పెరగదు. మన కాలనీ అక్కడ పెరిగితే అది డోనరే.

అజైడ్ ప్లేట్లను, ద్రావణాన్ని సింకులో పారబోయకండి. రాగి, సీసం పైపుల్లో పేలే లవణాలు ఏర్పడతాయి, ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. వేరే డబ్బాలో పోసి, లేబుల్ అంటించి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకే ఇవ్వండి.