ఉద్దానం దొడ్డికి గడ్డి మెషిన్, ఒట్టావా వాకిలికి మంచు మెషిన్

జూన్, తొలకరి పడ్డాక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర మా ఇల్లు, ఇంటి చుట్టూ దొడ్డి అంతా కలిపి 40 సెంట్లు, గజాల్లో అయితే 1936. ఎక్కువ కొబ్బరి, మధ్యమధ్యలో జీడి, గేటు దగ్గర్నుంచి అరుగుదాకా ఎర్ర గ్రావెల్ తోలించిన దారి. తొలకరి పడితే చాలు చూస్తుండగానే మోకాలెత్తు గడ్డి, కోయిద్దామంటే ఆకుమళ్ళ టైంలో మనిషి దొరకడు, దొరికినా మన దొడ్డి వంతు వచ్చేసరికి గడ్డి గింజ రాల్చేస్తుంది, ఇంక కోసి ఏం లాభం. కలుపు మందు కొడదామంటే అమ్మ ఒప్పుకోదు, ఆవు అక్కడే మేస్తుంది. అందుకని ఈ ఏడాది బ్రష్ కట్టర్, అంటే చేత్తో పట్టుకుని గడ్డి కోసే మెషిన్, కొందామని ఫిక్స్ అయ్యా, చూసినవి, అడిగినవి, కొన్నాక తెలిసినవి అన్నీ ఇక్కడ రాసుకుంటా, ఇలాంటి దొడ్డి ఉన్నోళ్ళకి పనికొస్తాయి.

తమాషా ఏంటంటే ఇదే టైంలో మా బావమరిది ఒట్టావాలో కొత్త ఇల్లు కొనుక్కుని స్నో బ్లోయర్, అంటే మంచు ఎత్తి పక్కకి విసిరే మెషిన్, వేటలో పడ్డాడు. అక్కడ చలికాలం మొత్తం మీద రెండు మీటర్ల పైనే మంచు పడుతుంది, కారు బయటకి తియ్యాలంటే వాకిలి ఖాళీ చేసుకోవాల్సిందే, పారతో ఎత్తితే నడుం పోతుంది. మంచు మొదలయ్యాక అందరూ ఒకేసారి షాపు మీద పడతారని ఎండాకాలంలోనే చూసుకుంటున్నాడు. రాత్రి ఫోన్ చేసి "బావా, వెడల్పు 24 ఇంచీలు చాలా, 28 తీసుకోనా" అంటాడు, నేను టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అని నా గోల చెప్తా, మా ఆవిడ స్పీకర్ ఆపెయ్యమంటుంది.

ఇక్కడ ఎవర్ని అడిగినా మొదటి మాట సీసీ, అంటే ఇంజిన్ సైజు. పక్క తోట బాబాయ్ అయితే "సీసీ ఎక్కువున్నదే తీసీరా, డబ్బులికి ఎనకాడితే రేపు నువ్వే ఏడుస్తావు" అన్నాడు. నా లెక్క వేరే. దొడ్డిలో అన్నిటికంటే మొండి మూల ఏదో చూడాలి, ఆ మూలలో ఏది నిలుస్తుందో చూడాలి, దాన్ని మోస్తూ మనం ఎంతసేపు నిలబడగలమో చూడాలి, ఆ తర్వాత సీసీ దానంతటదే తేలుతుంది.

అందుకే ముందు షాపుకి కాకుండా దొడ్డిలోకి వెళ్ళా, కర్ర, టేపు పట్టుకుని. దారి పక్కన గరిక, తుంగ, మెత్తటివే గానీ గ్రావెల్ రాళ్ళు కలిసిపోయి ఉన్నాయి. కొబ్బరి వరసల మధ్య వయ్యారిభామ, కాండం గట్టిది. అసలు పరీక్ష ఉత్తరం మూల. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ప్రహరీ గోడ, పెద్ద పనస రెండూ ఆ మూలే కూలాయి. అప్పుడు పడిన కొబ్బరి మొదళ్ళు ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయాయి గానీ పనస మొదలు ఇనుములా అలాగే ఉంది, గోడ రాళ్ళు గడ్డిలో దాక్కుని ఉన్నాయి, తిత్లీ తర్వాత నీడ పోయి ఎండ నేరుగా నేలకి తగలడంతో కలుపు కూడా అక్కడే ఎక్కువ. అంటే నాకు కావాల్సింది గడ్డి కోసే నైలాన్ వైరూ, ఇనుప బ్లేడూ రెండూ మార్చి మార్చి వేసుకునే మెషిన్, రాయి తగిలినా వాటిని తిప్పే కింది గేర్ హెడ్ పాడవకూడదు.

బావమరిది కథ కూడా ఇంచుమించు ఇదే. అక్కడ సింగిల్ స్టేజ్ అని చిన్న మెషిన్లు ఉంటాయి, ముందు తిరిగే ఆగర్‌కి, అంటే మంచుని లాగే మెలికల రేకుకి, రబ్బరు అంచు, అది నేలని తాకుతూ మంచుని లాగి అదే విసిరేస్తుంది, సిమెంటు మీద నున్నగా ఊడుస్తుంది గానీ ఎనిమిది ఇంచీలు దాటిన మంచుకి ఆపసోపాలు పడుతుంది, కంకర వాకిలి అయితే రాళ్ళు కూడా విసురుతుంది. టూ స్టేజ్‌లో ఇనుప ఆగర్ మంచుని లోపలికి లాగితే వెనక ఇంకో ఫ్యాన్ దాన్ని గొట్టంలోంచి దూరంగా కొడుతుంది, ఆగర్ నేలని తాకకుండా రెండు పక్కలా స్కిడ్ షూలు ఉంటాయి, కంకర ఉంటే వాటిని సర్ది కాస్త ఎత్తు పెట్టుకోవచ్చు. వాడి వాకిలి సగం సిమెంటు, సగం కంకర. పైగా మున్సిపాలిటీ బండి రోడ్డు మీద మంచు తోసుకుంటూ పోయేటప్పుడు ప్రతి ఇంటి వాకిలి మొదట్లో ఒక గట్టు వదిలేసి పోతుంది, తడిసి గడ్డకట్టి రాయిలా ఉంటుందట. నేను చెప్పింది ఒకటే, వాకిలంతా పడే పల్చటి మంచుని చూసి కొనకు, ఆ గట్టుని చూసి కొను. 24 ఇంచీల టూ స్టేజ్ దగ్గర ఆగాడు, 28 అయితే వాడి షెడ్డు తలుపులో పట్టదు, అది మాత్రం వాళ్ళావిడ కొలిచి చెప్పింది.

జూన్ ఆఖర్లో, సోంపేట, శ్రీకాకుళం షాపులు

చూసినవాటిలో బ్యాటరీవి ముందే పక్కన పెట్టా, చిన్న 20 వోల్టులవి లాన్ గడ్డికి సరే, వయ్యారిభామ కాండానికి చాలవు. కరెంటు వైరు లాక్కుంటూ తిరిగేవి వానాకాలం తడి గడ్డిలో నాకు ధైర్యం చాలదు, ఎవరైనా వాడితే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకుండా మాత్రం వాడకండి.

మిగిలింది పెట్రోల్. ఆన్‌లైన్లో 52 సీసీ టూ స్ట్రోక్ చవగ్గా దొరుకుతుంది, బలం ఉంటుంది, కాదనను. కానీ దాంట్లో పెట్రోల్‌లో టూ టీ ఆయిల్ కలపాలి, మెషిన్ పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20. ఇక్కడ చాలామంది మూత కొలతతో ఉజ్జాయింపుగా పోసేస్తారు, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే స్పార్క్ ప్లగ్‌కి మసి, సైలెన్సర్ నిండా నల్లటి జిడ్డు. నేను కాకుండా ఇంట్లో ఇంకో ఇద్దరు వాడతారు, ఎవరు ఏ సీసాలో ఏం కలిపారో ఎవడికి తెలుసు. అందుకని ఫోర్ స్ట్రోక్ వైపు మొగ్గా. హోండా జీఎక్స్ 35 ఇంజిన్ ఉన్నది తీసుకున్నా, 35.8 సీసీ, ఆయిల్ విడిగా 100 మిల్లీలీటర్లు పడుతుంది, 10డబ్ల్యూ30, పెట్రోల్ మామూలుదే. ధర చవక దానికి దాదాపు మూడింతలు, ఇది మాత్రం కాస్త గుచ్చుకుంది.

వీపుకి తగిలించుకునే మోడలా, పక్కన బెల్టుతో వేలాడేదా అన్నది ఇంకో గొడవ. వీపుది పది కిలోలు దాటుతుంది, కానీ బరువు భుజాల మీద పంచుకుంటుంది, గట్లు ఎక్కి దిగేవాళ్ళకి, రోజంతా కూలికి కోసేవాళ్ళకి అదే మేలు. మాది చదును ఇసుక నేల, చెట్టు చుట్టూ తిరగాలి, పైగా ఏదైనా అయితే ఒక్క లాగుతో బెల్టు ఊడబీకి పక్కన పడెయ్యొచ్చు. పక్కదే తీసుకున్నా, ఏడు కిలోల పైమాట. షాపులోనే బెల్టు తగిలించుకుని అటూ ఇటూ నడిచి చూశా, హుక్కు తుంటికి కాస్త పైన ఉండి, చేతులు వదిలినా హెడ్డు నేలకి కాస్త పైన తేలుతూ ఉండాలి, అది కుదరకపోతే ఎంత మంచి ఇంజిన్ అయినా అరగంటకే భుజం లాగేస్తుంది.

కొనేముందు ఇవి కూడా అడగండి, షాఫ్టు గొట్టం 26 మిల్లీమీటర్లా 28ఆ, లోపలి రాడ్డుకి పళ్ళు ఏడా తొమ్మిదా. రేపు గేర్ హెడ్ మార్చాల్సొస్తే ఇవి తెలియకుండా స్పేర్ దొరకదు. నేనడిగితే ఒక షాపు కుర్రాడు నన్ను వింతగా చూసి లోపలికెళ్ళి ఓనర్‌ని పిలుచుకొచ్చాడు, ఆ ఓనర్ టక్కున చెప్పాడు, అక్కడే కొన్నా.

జూలై, కోత మొదలు

ట్యాంకు 630 మిల్లీలీటర్లు, గట్టిగా వాడితే గంటకి కాస్త తక్కువ వస్తుంది, ట్యాంకు అయిపోయినప్పుడల్లా మనమూ ఆగి నీళ్ళు తాగడం అలవాటు చేసుకుంటే చేతుల తిమ్మిరి ఉండదు. మొదటి ఆయిల్ పది గంటలకే మార్చెయ్యాలి, తర్వాత ఆరు నెలలకో 50 గంటలకో. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి మాత్రం ఉద్దానం ఇసుకకి పుస్తకంలో రాసినదానికంటే ముందే కడుగుతున్నా.

కోసే పద్ధతి. పైనుంచి చూస్తే హెడ్డు గడియారానికి ఎదురు తిరుగుతుంది, కాబట్టి కుడి నుంచి ఎడమకి ఊపుతూ కోస్తే గడ్డి అంతా ఎడం పక్కన, కోసేసిన నేల మీద వరసగా పడుతుంది. ఎడమ నుంచి కుడికి కోస్తే కొయ్యని గడ్డి మీదే పడి మళ్ళీ అదే కొయ్యాలి. బ్లేడు వేసినప్పుడు ముందు కుడి వైపు అంచు, అంటే గడియారంలో 12కీ 3కీ మధ్య భాగం, మొద్దుకి తగలనివ్వకూడదు, తగిలితే మెషిన్ మొత్తం ఎగిరి పక్కకి తంతుంది. పనస మొదలు చుట్టూ అందుకే బ్లేడు వాడట్లేదు, వైరుతో కానిచ్చి మిగిలింది కొడవలితో. బ్లేడు నట్టు కూడా రివర్స్ మర, కుడికి తిప్పితే వదులవుతుంది, బలంగా ఎడమకి తిప్పుతూ కూర్చున్నవాళ్ళని చూశా.

గార్డు గురించి కొంచెం గట్టిగానే చెప్తా. మా ఊళ్ళో కూలికి కోసేవాళ్ళు సగం మంది అది ఊడపీకేస్తారు, గడ్డి చుట్టుకుంటోందని. ఆ గార్డు కింద చిన్న కత్తి ఉంటుంది, వైరు పొడవు ఎక్కువైతే అదే తెంపుతుంది. గార్డు లేకపోతే వైరు పొడుగ్గా తిరిగి ఇంజిన్‌కి లోడు పెరుగుతుంది, వేడెక్కుతుంది, రాళ్ళు నేరుగా కాలి ఎముక్కి వస్తాయి. వైరు కూడా లావు ఉంటే మంచిదని 3 మిల్లీమీటర్లు వేసేస్తారు, ఈ ఇంజిన్‌కి 2.4 సరిపోతోంది. ముందు రోజు రాత్రి వైరు చుట్టని నీళ్ళలో నానబెడితే పెళుసుగా విరగదు, నైలాన్ నీరు పీల్చుకుని మెత్తబడుతుంది.

గోడ రాళ్ళ దగ్గర వైరు తెగిపోతూనే ఉంటుంది, తెగనీ, దాని పనే అది, గేర్ బదులు అది పోతుంది. బావమరిది ఫోన్లో ఇదే చెప్పాడు, వాడి మెషిన్‌లో ఆగర్‌కి షియర్ పిన్ అని మెత్తటి బోల్టు ఉంటుందట, మంచులో దాక్కున్న ఇటుకో గడ్డకట్టిన న్యూస్ పేపరో అడ్డం పడితే అది విరిగి గేర్ బాక్స్‌ని కాపాడుతుంది. దాని బదులు షాపులో దొరికిన గట్టి బోల్టు బిగిస్తే విరగాల్సింది విరక్కుండా గేర్ పోతుంది. నాలుగు పిన్నులు స్పేర్ తెచ్చిపెట్టుకోరా అన్నా. గొట్టంలో మంచు ఇరుక్కుంటే మాత్రం ఇంజిన్ ఆపినా సరే చెయ్యి పెట్టకూడదు, లోపల బిగుసుకున్న ఫ్యాన్ అడ్డం తియ్యగానే ఒక్కసారి తిరుగుతుంది, మెషిన్‌తోనే ఇచ్చే ప్లాస్టిక్ పుల్ల వాడాలి.

కొబ్బరి చెట్టు చుట్టూ పాదు 1.8 మీటర్ల వరకూ మెషిన్ పెట్టట్లేదు, అక్కడ చేత్తోనే. తిత్లీ తర్వాత నాటిన చెట్ల మొదట్లో వైరు తగిలితే గాయమవుతుంది, గాయంలోంచి పురుగు. కోసిన గడ్డి అంతా ఆ పాదులోనే మల్చింగ్‌గా పరుస్తున్నా, తేమ నిలుస్తుంది, వేరే పనేం లేదు. వయ్యారిభామ మాత్రం పూత రాకముందే కొయ్యాలి, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి, దాని రసం చిమ్మి ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. కళ్ళజోడు, గమ్ బూట్లు, చుట్టూ 15 మీటర్ల లోపు పిల్లలు, ఆవు ఎవరూ లేకుండా చూసుకోవడం. పాముల కోసం ముందు ఒకసారి పొడుగు కర్రతో గడ్డి తట్టుకుంటూ వెళ్తా, అమ్మ వెనక నుంచి "మెల్లగా ఎల్లు నాయనా" అంటూనే ఉంటుంది.

అక్టోబర్

వానలు తగ్గాయి, మెషిన్ పక్కన పెట్టే టైం. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వస్తోంది కదా, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, మా సముద్రం గాలికి ఇంకా ఎక్కువ, నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీరు కిందికి దిగి కార్బొరేటర్‌లోని డయాఫ్రమ్ అనే పల్చటి పొరని పాడుచేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కూడా అయిపోయేదాకా ఇంజిన్ తిప్పి ఆపా. స్పార్క్ ప్లగ్ తీసి గ్యాప్ 0.6, 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూసి, గేర్ హెడ్‌లో గ్రీజు పెట్టి, షాఫ్టు తుడిచి పైకి వేలాడగట్టా.

అక్కడ బావమరిదికి ఇప్పుడే సీజన్ మొదలు, ఆయిల్ పోసి ఉత్తి నేల మీద స్టార్ట్ చేసి వీడియో పంపాడు, చలికి తాడు లాగక్కర్లేకుండా కరెంటు ప్లగ్ పెడితే స్టార్ట్ అవుతుంది, మా బాబాయ్ అది చూసి మనకీ అలాంటిది లేదేటి అని అడుగుతున్నాడు.

ఇంకా కొనాల్సింది 80 పళ్ళ బ్లేడు, జీడి వరసలో మొలుస్తున్న సర్కారు తుమ్మ పిలకలకి. మధ్య రంధ్రం 25.4 మిల్లీమీటర్లది కావాలి, సోంపేటలో ఆర్డర్ పెట్టమన్నా, సంక్రాంతి లోపు తెప్పిస్తానన్నాడు.