అంగారకుడి రాకుమారిని స్క్రీన్‌ప్లేలోకి దించడం: నా అనుభవం

కథ చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక ప్రశ్న కనిపిస్తుంది. వేరే గ్రహం మీద పడ్డ భూలోకపు సిపాయి, ఎడారి, ఎగిరే ఓడలు, రాకుమారి, కత్తియుద్ధాలు... ఇవన్నీ చూసేశాం కదండీ అంటారు. చూసేశారు, నిజమే. కానీ వాళ్ళు చూసినవన్నీ దీని పిల్లలూ మనవలూ. ఎడ్గార్ రైస్ బరోస్ రాసిన ఈ కథ 1912 ఫిబ్రవరి నుంచి జులై దాకా ‘ఆల్ స్టోరీ’ అనే అమెరికన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. దానికి ఆయనకి ముట్టింది 400 డాలర్లు. 1917లో ‘ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’ పేరుతో పుస్తకమైంది. ఫ్లాష్ గార్డన్ కామిక్ మొదలైంది ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 1934లో. ఆ ఫ్లాష్ గార్డన్ హక్కులు దొరక్క జార్జ్ లూకాస్ సొంతంగా అల్లుకున్నదే స్టార్ వార్స్. ఇన్నేళ్ళ తర్వాత తాతని తెర మీదికి తెస్తే, నీకు మనవడి పోలికలెందుకొచ్చాయని తాతనే నిలదీస్తారు.

నేను స్క్రీన్‌ప్లేలు రాసి బతికేవాణ్ణి. ఒక నిర్మాత గారు పల్ప్, అంటే చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికల కాలం నాటి కథ ఏదైనా పెద్ద తెరకి తగ్గట్టు చేద్దామన్నారు. నాకు మొదట తట్టింది జాన్ క్యాంబెల్ 1938లో రాసిన ‘హూ గోస్ దేర్?’ ఒకే మంచు స్థావరం, కొద్దిమంది మనుషులు, వాళ్ళలో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియని భయం. సినిమాకి అంతకంటే ఏం కావాలి? అందుకే 1951లోనూ 1982లోనూ తీశారు. మొదటివాళ్ళు రూపం మార్చే జీవిని పక్కన పెట్టేశారు. జాన్ కార్పెంటర్ దాన్నీ, రక్తపరీక్ష సీన్‌నీ తిరిగి తెచ్చాడు. విడుదలైనప్పుడు జనం తిప్పికొట్టిన ఆ సినిమాకి ఇప్పుడు అంతటా నీరాజనాలే. కానీ నిర్మాత గారికి రాకుమారి కావాలి. “ఇది మన జానపదమే కదండీ, గుర్రం బదులు వేరే జంతువు ఎక్కుతాడంతే” అన్నారు. విని నవ్వాను గానీ, తర్వాత రాసిందంతా ఆ మాట మీదే నిలబడింది.

ముందు లాయర్ దగ్గర కూర్చున్నాం. పుస్తకం వరకు చిక్కు లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళు హక్కులుంటాయి. బరోస్ 1950లో పోయాడు కాబట్టి ఇక్కడ 2010 చివరితో తీరిపోయాయి. డెబ్బై ఏళ్ళ లెక్క ఉన్న యూరప్ దేశాల్లో 2020 చివరితో తీరాయి. అమెరికాలో 1912 నాటి కథ ఎప్పుడో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేసింది. చిక్కంతా పాత్రల పేర్ల మీదున్న ట్రేడ్‌మార్క్‌తో. బరోస్ తెలివైనవాడు, 1923లోనే తన పేరు మీద కంపెనీ పెట్టుకున్నాడు. ఆ కంపెనీ 2012లో డైనమైట్ అనే కామిక్స్ సంస్థ మీద దావా వేసింది, 2014లో రాజీ అయింది. అందుకని హీరో జాన్ కార్టర్ పేరు టైటిల్లో గానీ పోస్టర్ మీద గానీ కనిపించకూడదన్నారు లాయర్ గారు. ఇంకో షరతు కూడా పెట్టారు. 2012లో డిస్నీ తీసిన ‘జాన్ కార్టర్’లో కొత్తగా కల్పించిన ఏ ముక్కా మన స్క్రిప్టులో ఉండకూడదు. దానికోసం ప్రతి సీనుకీ మార్జిన్లో పుస్తకం చాప్టర్ నంబరు రాస్తూ వచ్చాను. విసుగు పుట్టించే పనే, కానీ రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

పుస్తకంలో 28 చాప్టర్లు. ఒక్కో చాప్టర్‌కీ ఒక కార్డు రాసి గోడకి అంటించాను. కార్డులన్నీ వరసగా చదివితే బండారం బయటపడింది. హీరో పట్టుబడతాడు, కొట్లాడతాడు, తప్పించుకుంటాడు, మళ్ళీ పట్టుబడతాడు. థార్కులనే ఆకుపచ్చ మనుషుల గుంపు వదిలితే వార్హూన్లనే ఇంకో గుంపు, వాళ్ళు వదిలితే జొడాంగా నగరం. నెలకోసారి పత్రిక కొనేవాడికి ఇది పండగే, పోయిన నెల ప్రమాదం ఈ నెలకి పాతబడిపోతుంది. అదే మనిషిని రెండున్నర గంటలు కుర్చీలో కూర్చోబెడితే మూడో చెరకల్లా ఫోన్ తీస్తాడు. పైగా హీరోయిన్ ఎనిమిదో చాప్టర్‌కి గానీ రాదు.

ఇక్కడే చాలా రోజులు కొట్టుకున్నాను. ఏ చెర తీసేయాలో తేల్చడం సులువు, వార్హూన్ల ఎపిసోడ్ మొత్తం ఎత్తేశాను. మిగిలినవాటిని కలిపే దారం మాత్రం దొరకలేదు. చివరికి పుస్తకంలోనే దొరికింది. పట్టుబడ్డ రాకుమారి డేజా థోరిస్ థార్కుల ముందు నిలబడి, మేం యుద్ధానికి రాలేదు, గాలి ప్రవాహాలు కొలవడానికీ వాతావరణం సాంద్రత పరీక్షించడానికీ వచ్చిన శాస్త్రీయ బృందం మాది అని చెబుతుంది. చదివేవాళ్ళు ఆ వాక్యాన్ని దాటేసి ఆమె అందం దగ్గర ఆగిపోతారు. ఇరవయ్యో చాప్టర్లో హీరో అనుకోకుండా గ్రహానికంతటికీ గాలి తయారుచేసే ఫ్యాక్టరీలో అడుగు పెడతాడు. చివర్లో ఆగిపోయేది ఆ ఫ్యాక్టరీయే. బరోస్ ఈ మూడింటినీ విడివిడిగా వదిలేశాడు. నేను కలిపాను. ఆమె కొలుస్తున్నది పలచబడుతున్న గాలిని. ఆమె ఓడని కూల్చడమంటే ఆ లెక్కలు ఆమె నగరానికి చేరకుండా చేయడం. దాంతో ఫస్ట్ హాఫ్‌కి పని దొరికింది, ఇంటర్వెల్ బ్లాక్ ఓడ కూలే చోట తనంతట తనే వచ్చి కూర్చుంది.

ఇక అసలు గొడవ. హీరో అంగారకుడికి ఎలా వెళ్ళాడు? పుస్తకంలో అరిజోనా గుహ బయట నిలబడి ఎర్రగా మెరిసే ఆ గ్రహం వైపు చూస్తాడు, చేతులు చాపుతాడు, వెళ్ళిపోతాడు. అంతే! 2012 సినిమావాళ్ళు దీనికి ఒక పతకం, దాని వెనక రూపాలు మార్చే ఒక ముఠా, ఆ ముఠాకొక పథకం పెట్టారు. ఆ ముఠా మూలం బరోస్ ఇదే వరసలో రాసిన రెండో పుస్తకంలో ఉంది. ఆ సినిమా తీసినవాళ్ళకి ఎంత నష్టం తెచ్చిందో లోకానికి తెలుసు, సుమారు 200 మిలియన్ డాలర్ల నష్టమని డిస్నీయే ప్రకటించింది. నష్టానికి కారణాలు చాలా ఉంటాయి. సినిమాగా నాకది ఇష్టమే. కానీ వివరించడం మొదలుపెట్టిన ప్రతిచోటా అది నీరసపడుతుంది. జానపదంలో మాయాతివాచీ ఎలా ఎగురుతుందని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. అడిగే తీరిక ఇవ్వకపోవడమే కథకుడి పని. సిట్టింగుల్లో డైరెక్టర్ గారు “లాజిక్ అడుగుతారండీ” అన్న ప్రతిసారీ నేను ఒకటే చెప్పాను: వెళ్ళడం ఒక్క షాట్‌లో అయిపోవాలి, తర్వాత షాట్‌లో అడుగు తడబడాలి.

ఆ అడుగు నాకు ఈ స్క్రిప్టు మొత్తంలో బాగా నచ్చిన చోటు. అంగారకుడి గురుత్వం మన భూమిలో 38 శాతం. ఆ లెక్కన ఇక్కడ అర మీటరు ఎగిరేవాడు అక్కడ మీటరుంపావు దాటి ఎగరాలి. బరోస్ హీరో ముప్ఫై అడుగులు లేచి వంద అడుగుల అవతల దిగుతాడు. వీఎఫ్‌ఎక్స్ కుర్రవాడు లెక్కలు వేసుకొచ్చి ఏది చేయమంటారని అడిగాడు. బరోస్ లెక్కే అన్నాను. అయితే అంతకుముందు హీరో నడవలేకపోవాలి. మామూలుగా ఒక అడుగు వేస్తే మూడడుగులు గాల్లోకి లేచి బోర్లా పడతాడు. మళ్ళీ లేస్తాడు, మళ్ళీ పడతాడు. యుద్ధాలు చేసినవాడు చివరికి పసివాడిలా పాకడం మొదలుపెడతాడు. పాకుతూ ఒక పొట్టి గోడ దగ్గరికి చేరతాడు. పైన మందపాటి గాజు కప్పు, లోపల రెండున్నర అడుగుల తెల్లటి గుడ్లు, కొన్ని అప్పటికే పగిలి చిన్న ప్రాణులు కదులుతున్నాయి. వంగి చూస్తుంటే వెనక లోహం గలగలమంటుంది. తిరిగి చూస్తే నలభై అడుగుల ఈటె మొన, దాని వెనక పదిహేను అడుగుల ఆకుపచ్చ రౌతు. ఎగరడం అప్పుడు, ప్రాణభయంతో, ఎంత ఎత్తు లేస్తానో తనకే తెలియకుండా. ఇన్ని పేజీల్లో ఒక్క డైలాగూ రాయలేదు. ఆ గలగల శబ్దం కూడా బరోస్‌దే, ఆ కాస్త చప్పుడే హీరోని బతికించింది. సౌండ్ డిజైన్ ఆయన వందేళ్ళ కిందటే రాసిపెట్టాడు.

పల్ప్ వాళ్ళకి సైన్స్ రాదని కొట్టిపారేసేవాళ్ళకి ఒక మాట. అంగారకుడి మీద కాలువలున్నాయన్నది ఆ రోజుల్లో పర్సివల్ లోవెల్ లాంటి ఖగోళ పరిశీలకుడే నమ్మిన విషయం. 1965లో మెరైనర్-4 అనే అంతరిక్ష నౌక ఫోటోలు పంపాకే దానికి పూర్తిగా తెరపడింది. కానీ అంగారకుడి రెండు చందమామల్లో దగ్గరిది ఏడున్నర గంటల పైచిలుకులో గ్రహాన్ని చుట్టేస్తుందని బరోస్ సరిగ్గానే రాశాడు. రాత్రి సీన్లలో ఆ చందమామ పడమట పొడిచి కళ్ళముందే కదులుతూ పోతుంది. నీడలు కూడా కదలాలి. కెమెరామన్ గారు ఈ ఒక్క సంగతికే సినిమా ఒప్పుకున్నట్టు మాట్లాడారు.

తీసేయాల్సినవీ ఉన్నాయి. హీరో అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన పక్షపు కెప్టెన్, వర్జీనియావాడు. అరిజోనాలో అపాచీలు కేవలం వెంటపడే మూకగా కనిపిస్తారు. అది 1912 నాటి చూపు, దాన్ని మోయాల్సిన అవసరం మనకి లేదు. ఓడిపోయిన సైన్యంలో మిగిలినవాడిగా ఉంచి, ఆ పక్షం తప్పని అతనికే తెలిసినట్టు రాశాను, వెంటపడే వాళ్ళని మార్చాను. బట్టల సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకంలో గ్రహమంతా నగలూ ఆయుధాల పట్టీలతోనే తిరుగుతుంది, ఆ తలనొప్పి కాస్ట్యూమ్స్ వాళ్ళకి వదిలేశాను.

చివరి నరేషన్లో నిర్మాత గారు ముగింపు దగ్గర ఆగారు. పుస్తకంలో హీరో ఆయాసపడుతూ ఫ్యాక్టరీ తలుపులు తెరుస్తాడు, ఒక మనిషి లోపలికి పాకుతూ పంపుల వైపు వెళ్ళడం చూస్తూ స్పృహ తప్పుతాడు, మళ్ళీ అరిజోనా గుహలో లేస్తాడు. వాళ్ళు బతికారో లేదో అతనికి తెలియదు. “డబ్బులిచ్చి వచ్చినవాణ్ణి ఇలా పంపిస్తామా?” అన్నారాయన. గాలి కథంతా నడిపాం కాబట్టి ఆ తెలియకపోవడమే బలం అని నేను వాదించాను. ఇద్దరం తగ్గలేదు. బౌండ్ స్క్రిప్టులో పుస్తకం ముగింపే ఉంది. పంపులు తిరగడం మొదలైన షాట్ ఒకటి విడిగా రాసి ఇచ్చాను, తీసి పెట్టుకుని ఎడిటింగ్‌లో తేల్చుకుంటామన్నారు. ప్రస్తుతం స్టోరీబోర్డుల పని నడుస్తోంది, నాలుగు చేతుల థార్కులతో కత్తియుద్ధం ఎలా కంపోజ్ చేయాలో ఫైట్ మాస్టర్ గారికీ యానిమేటర్లకీ ఇంకా లెక్క కుదరలేదు.