పెరట్లోని పాప్లర్ కట్టెలు: మొదటి ఏడాది లెక్క

ఫిబ్రవరి. మా ఇల్లు అమెరికాలోని నార్త్ కరోలినాలో, రాలీ నగరానికి దగ్గర్లో. పెరట్లో రెండు ట్యూలిప్ పాప్లర్ చెట్లు ఇంటి కప్పు మీదికి వాలుతున్నాయని పడగొట్టించాను. ఇంటిని ఆనుకున్న చెట్టును సొంతంగా కొట్టే పని పెట్టుకోకూడదు, పనివాళ్లకిచ్చే కూలి దండగ కాదు. దుంగలు మాత్రం ఇక్కడే ఉంచమన్నాను. కట్టెల పొయ్యి ఉన్న స్నేహితులందరిదీ ఒకటే మాట: పాప్లర్ దేనికీ పనికిరాదు, ఓక్ కొనుక్కోమని.

పేరుకే ఇది పాప్లర్. అసలు పాప్లర్లతో దీనికి చుట్టరికం లేదు, మన సంపెంగ కుటుంబానికి చెందిన చెట్టు. వసంతం చివర పసుపు, నారింజ రంగులు కలిసిన పూలు పూస్తుంది, తేనెటీగలు విరగబడి వస్తాయి. ఆ రెండు చెట్లూ పోయాయన్న బాధ నాకు ఇంకా ఉంది. అందుకే ఒక్క పేడు కూడా వృథా కానివ్వకూడదనుకున్నాను.

మార్చి. మా పొయ్యిలో 18 అంగుళాల దాకా పడుతుంది. అందుకని దుంగల్ని 16 అంగుళాల మొద్దులుగా కోశాను. చెయిన్ సా (మోటారు రంపం) పట్టేముందు హెల్మెట్, చెవులకు మఫ్స్, కాళ్లకు రంపం తగలకుండా కాపాడే చాప్స్ తప్పనిసరి. పచ్చి మొద్దు పెద్దదైతే 40 కిలోలు ఉంటుంది, ఎత్తకుండా దొర్లించుకోవడమే మేలు.

చీల్చడం మాత్రం పండగే. 8 పౌండ్ల బరువైన గొడ్డలితో అంచుకు దగ్గరగా ఒక్క దెబ్బ వేస్తే చాలు, మొద్దు టప్పున విచ్చుకుంటుంది. లోపల తడి మెరుస్తూ ఉంటుంది. అంచున మీగడ రంగు, మధ్యలో లేత ఆకుపచ్చ, అక్కడక్కడా వంగపండు రంగు చారలు. బెరడు పట్టలు పట్టలుగా ఊడి వస్తుంది. కొమ్మ మొలిచిన కణుపుల దగ్గర మాత్రం మొండికేస్తుంది, అక్కడ చీల, సమ్మెట కావాల్సి వచ్చాయి.

ఇక్కడ కట్టెల కొలత కార్డ్. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. నా పేళ్లతో 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న వరసలు మూడు పేరిస్తే ఒక కార్డ్. నాకు రెండున్నర వరసలు వచ్చాయి.

ఏప్రిల్. తప్పు చేశాను. వానలకు భయపడి టార్పాలిన్‌తో నాలుగు వైపులా నేల దాకా కప్పేశాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే తెల్లగా బూజు. మొత్తం దింపి, చెక్క ప్యాలెట్ల మీద మళ్లీ పేర్చాను. ఈసారి పైన మాత్రమే రేకు, పక్కలన్నీ గాలికి వదిలేశాను. బూజు అక్కడితో ఆగింది.

జులై. నాన్న బాపట్ల నుంచి వచ్చారు. ఒక పేడు చేతిలో బరువు చూసి, "దీనికి చేవ లేదురా. తుమ్మలాగా నిప్పు నిలవదు. పొయ్యి రాజేయడానికి మాత్రం దీన్ని మించింది లేదు" అన్నారు. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొట్టి చూపించారు. పచ్చివైతే దబ్బుమంటాయి, ఎండినవైతే ఖంగుమంటాయి. అప్పటికి కొసల్లో నెర్రెలు వచ్చాయి కానీ మోత ఇంకా మందంగానే ఉంది.

అక్టోబర్. తేమ మీటర్‌తో కొలిచాను. పైపైన పెడితే అబద్ధం చెబుతుంది. పేడును అప్పటికప్పుడు మళ్లీ చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చాలి. 17, 18 శాతం, ఒకటి మాత్రం 21. లెక్క ప్రకారం 20 శాతం లోపు ఉండాలి. తడి కట్టె కాలిస్తే వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పైగా పొగగొట్టంలో క్రియోసోట్ అనే జిగురు మసి పట్టి, అది అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఓక్ ఎండడానికి రెండేళ్లు చూడాలి, ఇది ఎనిమిది నెలల్లో సిద్ధమైంది.

డిసెంబర్. వేడిని బీటీయూ అనే కొలతలో లెక్కిస్తారు. తెల్ల ఓక్ కార్డుకు సుమారు 24 మిలియన్ బీటీయూల వేడి ఇస్తే, ట్యూలిప్ పాప్లర్ ఇచ్చేది 16. అంటే మూడింట రెండొంతులు. కానీ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు చల్లబడి ఉంటే, నాలుగు చితుకులు, మూడు పాప్లర్ పేళ్లు వేస్తే పావుగంటలో గది వెచ్చబడుతోంది. గంట తిరక్కుండా అయిపోతాయి. పగలు ఎండ, రాత్రి కాస్త చలి ఉండే రోజులకు అదే సరిపోతుంది, ఓక్ వేస్తే కిటికీలు తెరుచుకోవాల్సి వస్తుంది. గట్టి చలి రాత్రుల్లో పాప్లర్‌తో రాజేసి, పడుకునే ముందు రెండు ఓక్ పేళ్లు వేస్తున్నాను. పొద్దున్నే బూడిద కదిలిస్తే కింద నిప్పు కణికలు ఉంటున్నాయి.

బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి, ఇంటికి దూరంగా కొన్ని రోజులు ఉంచుతున్నాను. అందులో నిప్పు అంత తొందరగా చావదు. పూర్తిగా చల్లారాక గోంగూర మడిలో పల్చగా చల్లాను. ఇక్కడి ఎర్రమట్టికి పులుపు, అంటే ఆమ్ల గుణం, ఎక్కువ, బూడిద దాన్ని తగ్గిస్తుంది. ఒక వరస ఇప్పటికే అయిపోయింది. ఒకటిన్నర మిగిలింది, ఫిబ్రవరి దాకా వస్తుందనుకుంటున్నాను.