మీ బ్యారెల్‌కి ఏ పెల్లెట్? బ్రాండ్లను సరిగ్గా పోల్చే పద్ధతి

ఎయిర్ గన్‌కి ఏ పెల్లెట్ (అందులో వేసే చిన్న గుండు) మంచిదని అడిగితే ఠక్కున ఒక బ్రాండ్ పేరు చెప్పేవాళ్లకి కొదవ లేదు. ఆ జవాబు వాళ్ల బ్యారెల్ వరకు నిజమే కావచ్చు. ఒకే మోడల్ తుపాకులు రెండింటిలో ఒకే డబ్బాలోని పెల్లెట్లు వేసినా, ఒకటి బిగువుగా, మరొకటి చెల్లాచెదురుగా గ్రూపు (వరసగా కాల్చిన షాట్లు టార్గెట్ మీద చేసే రంధ్రాల గుంపు) వేయడం మామూలే. కాబట్టి మంచి పేరున్న నాలుగైదు రకాలు తెచ్చి, మీ బ్యారెల్‌తోనే తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పద్ధతి వదులుగా ఉంటే మాత్రం, అదృష్టం కొద్దీ పడిన ఒక్క గ్రూపు చూసి తప్పు డబ్బా ఎంచుకుంటాం.

పరీక్షకి పిలవాల్సిన పేర్లు కొత్తవేమీ కాదు. .177 క్యాలిబర్‌లో (అంగుళాల్లో బ్యారెల్ లోపలి వ్యాసం) చెక్ రిపబ్లిక్‌ జేఎస్‌బీ వారి ఎగ్జాక్ట్ 8.44 గ్రెయిన్లు (పెల్లెట్ బరువు చెప్పే చిన్న కొలత), ఎగ్జాక్ట్ హెవీ 10.34, జర్మనీ హెచ్ అండ్ ఎన్ వారి ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ 8.64, ఆర్‌డబ్ల్యూఎస్ సూపర్‌డోమ్ 8.3. .22లో అయితే జేఎస్‌బీ జంబో ఎగ్జాక్ట్ 15.89, జంబో హెవీ 18.13, ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ 14.66. ఎయిర్ ఆర్మ్స్ పేరుతో వచ్చే డయాబోలో ఫీల్డ్ కూడా జేఎస్‌బీ తయారుచేసేదే. అలాగని ‘రెండూ ఒకటే కదా’ అని ఒకదాన్ని వదిలేయకండి, డైలు (పెల్లెట్‌ని నొక్కి తయారుచేసే అచ్చులు) వేరు కాబట్టి ఫలితం కూడా వేరుగా రావచ్చు. అమెరికా క్రాస్‌మన్ ప్రీమియర్‌లో సీసానికి ఆంటిమొని కలుస్తుంది, అందుకే గట్టిగా ఉంటుంది. కొన్ని బ్యారెళ్లకి అది భలే నచ్చుతుంది, కొన్నింటికి అస్సలు పడదు.

వీటన్నిటి తలా గుండ్రం. దూరం 25 మీటర్లు దాటితే గుండ్రని తల తప్ప ఇంకోదాని జోలికి పోనక్కర్లేదు. మొన తేలినవి, తల మధ్య గుంట ఉండే హాలో పాయింట్లు డబ్బా మీద బాగుంటాయి, కాగితం మీద చాలాసార్లు నిరాశపరుస్తాయి. 10 మీటర్ల మ్యాచ్ షూటింగ్ సంగతి వేరు. అక్కడ చదునైన తల కాగితానికి గుండ్రటి శుభ్రమైన రంధ్రం చేస్తుంది, స్కోరు తేలిగ్గా తెలుస్తుంది. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే మరి. దానికి ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి ఉండనే ఉన్నాయి.

బరువు గురించి అందరూ మాట్లాడతారు. తల సైజు గురించి తక్కువ మంది మాట్లాడతారు, అసలు కిటుకు అక్కడే ఉంది. .177 పెల్లెట్లు 4.49 నుంచి 4.53 మిల్లీమీటర్ల దాకా, .22వి 5.50 నుంచి 5.55 దాకా రకరకాల తల సైజుల్లో దొరుకుతాయి. తల బ్యారెల్ లోపల మెలి తిరిగి ఉండే రైఫ్లింగ్ గట్ల మీద ఆనుతూ పెల్లెట్‌ని బ్యారెల్ మధ్యలో నిలబెడుతుంది. వెనుక ఉండే పలుచని అంచు, అంటే స్కర్ట్, గాలి ఒత్తిడికి విచ్చుకుని సీలు వేస్తుంది. తల చిన్నదైతే పెల్లెట్ బ్యారెల్‌లోనే కాస్త వంగి ప్రయాణిస్తుంది, బయటికొచ్చాక ఊగుతుంది. మరీ పెద్దదైతే లోడ్ చేసేటప్పుడే తల నలిగి, ఒక పక్క చెక్కుకుపోతుంది. అందుకే ఒక బ్రాండ్ 4.50తో పనికిరాలేదని ఆ బ్రాండ్‌నే కొట్టిపారేయడం తొందరపాటు, అదే పెల్లెట్ 4.52లో బాగా పడవచ్చు.

బ్యారెల్‌ని కిందికి వంచి లోడ్ చేసే తుపాకీ అయితే దీన్ని కళ్లారా చూడొచ్చు. స్ప్రింగ్ కాక్ కాలేదని (బిగుసుకుని కాల్చడానికి సిద్ధంగా లేదని) నిర్ధారించుకుని, ఒక పెల్లెట్ లోడ్ చేసి, బ్యారెల్ కంటే సన్నని చెక్క లేదా నైలాన్ కడ్డీతో మెల్లగా మూతి వైపు తోసి బయటికి తీయండి. తల చుట్టూ రైఫ్లింగ్ గీతలు సన్నగా, అన్ని వైపులా సమానంగా కనిపిస్తే సైజు కుదిరినట్టే. స్కర్ట్ మీద మాత్రమే గీతలుండి తల నున్నగా ఉంటే ఒక సైజు పెంచండి. తల మీద లోతుగా కోసుకుపోతే తగ్గించండి. మైక్రోమీటరుతో తల కొలిచే ఉత్సాహం వద్దు. మెత్తని సీసం దాని దవడల మధ్య నొక్కుకుపోయి అబద్ధం చెబుతుంది.

ఇక తూకం. బంగారం తూచే 0.01 గ్రాము కాటా ఇంట్లో ఉందని సంబరపడితే లాభం లేదు. 0.01 గ్రాము అంటే 0.15 గ్రెయిన్, మనం వెతికే తేడా కంటే అదే ఎక్కువ. 0.001 గ్రాము చూపించే కాటా కావాలి. ఒక్కో డబ్బా నుంచి 50 తీసి తూచి, ఏ బరువులో ఎన్ని ఉన్నాయో రాసుకోండి. అన్నీ ఒకే చోట గుమిగూడితే మంచి సరుకు. రెండు వేర్వేరు గుంపులుగా తేలితే రెండు డైల సరుకు కలిసిందేమోనని అనుమానించాలి.

అయితే బరువు తేడా ఎంత నష్టం చేస్తుందో ఒక్కసారి లెక్కేసుకోండి. 8.44 గ్రెయిన్ల పెల్లెట్‌లో 0.1 గ్రెయిన్ తేడా అంటే 1.2 శాతం. శక్తి మారకపోతే వేగం అందులో సగం, అంటే 0.6 శాతం మారుతుంది. సెకనుకి 240 మీటర్లతో బయల్దేరిన పెల్లెట్ 25 మీటర్లకి సుమారు 6 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. అందులో ఈ తేడా వల్ల వచ్చేది ముప్పావు మిల్లీమీటరు. అదే 50 మీటర్లకి మూడు మిల్లీమీటర్లు పైబడుతుంది. కాబట్టి 25 మీటర్లలో గ్రూపు పాడైతే తూకం మీద నెపం వేయకండి. ముందు స్కర్ట్‌లు చూడండి. రవాణాలో నొక్కుకుపోయి, అంచు వంకరైన పెల్లెట్ బరువు సరిగ్గానే ఉంటుంది, కానీ బ్యారెల్ మూతి దాటేటప్పుడు వెనుక గాలి ఒక పక్క ముందుగా బయటికి చిమ్మి దాన్ని పక్కకి తోస్తుంది. అలాంటివి ఏరి పక్కన పెట్టండి. డబ్బాకి ఎన్ని ఏరాల్సి వచ్చిందో రాసుకోండి కూడా, బ్రాండ్ నిలకడకి అది కూడా ఒక కొలతే.

కాల్చడం 25 మీటర్ల దగ్గర, గాలి లేని చోట, బ్యాగు మీద ఆనించి. 10 మీటర్లలో అన్ని పెల్లెట్లూ మంచివే అనిపిస్తాయి. బ్రాండ్ మార్చిన ప్రతిసారీ మొదటి 15, 20 షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. పాత పెల్లెట్ వదిలిన సీసం, నూనె పొర పోయి కొత్తది పట్టాలి. మధ్యలో బ్యారెల్ శుభ్రం చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పీసీపీ (ముందే సిలిండర్‌లో గాలి నింపి ఉంచే తుపాకీ) అయితే ప్రతి బ్రాండ్‌కీ సిలిండర్ ఒత్తిడి ఒకే పరిధిలో ఉంచండి. స్ప్రింగ్ గన్ అయితే పట్టు ముఖ్యం. ముందు చేతిని ప్రతిసారీ ఒకే చోట పెట్టి, బిగించకుండా, తుపాకీ రీకాయిల్‌ని (కాల్చినప్పటి తన్నుని) దాని దారిన పోనివ్వాలి. పెల్లెట్లకి నూనె రాసే అలవాటుంటే స్ప్రింగ్ గన్ దగ్గర మానేయండి. ఆ నూనె కంప్రెషన్‌లో మండి వేగాన్ని ఇష్టమొచ్చినట్టు మారుస్తుంది.

ఒక్కో రకానికి పదేసి షాట్ల గ్రూపులు మూడు. మొదట ఒక వరసలో, తర్వాత తిరగేసిన వరసలో కాల్చండి, లేకపోతే చివరి బ్రాండ్ మీ అలసటకి బలవుతుంది. ఐదు షాట్ల గ్రూపులు చూడ్డానికి అందంగా ఉంటాయి, తీర్పుకి పనికిరావు. అదే తుపాకీ, అదే పెల్లెట్‌తో పది షాట్ల గ్రూపు ఐదు షాట్ల దానికంటే సగటున పావు వంతు పెద్దదిగా వస్తుంది. ఎవరో పెట్టిన ఐదు షాట్ల ఫోటోతో మీ పది షాట్లని పోల్చి దిగులు పడకండి. కొలత బయటి అంచు నుంచి బయటి అంచుకి తీసి, పెల్లెట్ వ్యాసం తీసేయండి. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే తప్పు మీదని తెలిస్తే టార్గెట్ చూడకముందే రాసుకోండి. చూశాక ‘అది నా తప్పేలే’ అని షాటుని మినహాయించడం మాత్రం ఒప్పుకునేది కాదు.

ఒక రకం 14, 15, 15 మిల్లీమీటర్ల గ్రూపులు వేసి, ఇంకోటి 11, 12, 22 వేసిందనుకోండి. నేనైతే మొదటిదే తీసుకుంటాను. రెండో డబ్బాలో ఏ పెల్లెట్ పక్కకి పోతుందో ముందుగా తెలియదు, పోటీలో అదే పాయింటు పోగొడుతుంది. గ్రూపు ఆకారం కూడా చదవాలి. నిలువుగా సాగితే వేగంలో తేడాలున్నాయేమో క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద చూడండి. పది షాట్లలో గరిష్ఠ, కనిష్ఠ వేగాల తేడా సెకనుకి మూడు నాలుగు మీటర్ల లోపుంటే ఆ వైపు నిశ్చింతే. అడ్డంగా సాగితే గాలో, తుపాకీ పక్కకి వాలడమో. రెండు ముద్దలుగా పడితే పెల్లెట్లని అనేముందు స్టాక్ స్క్రూలు, స్కోప్ మౌంట్లు బిగించి చూడండి. 25లో బాగుండి 40కి ఉన్నట్టుండి చెదిరిపోతే వేగం ఎక్కువైందేమో చూడండి. నడుము సన్నగా ఉండే ఈ డయాబోలో ఆకారం సెకనుకి 285 మీటర్లు దాటితే సాధారణంగా నిలకడ తప్పుతుంది. తేలికైన, సీసం లేని పెల్లెట్లు బలమైన గన్‌లో ఈ గీత ఇట్టే దాటేస్తాయి.

గెలిచిన డబ్బా మీద లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) లేదా డై నంబరు ఉంటుంది, అది రాసిపెట్టుకుని అదే నంబరువి వీలైనన్ని కొనండి. మ్యాచ్ షూటర్లు రైఫిల్‌ని బిగించి లాట్ లాట్‌గా పరీక్షించి కొనేది ఇందుకే. అదే బ్రాండ్, అదే బరువు, అదే తల సైజు అయినా లాట్ మారితే కొత్త పెల్లెట్ కిందే లెక్క. పాత లాట్‌లో ఒక 60 మిగిల్చి దాచుకుంటే, కొత్తది వచ్చిన రోజు రెండింటినీ పక్కపక్కన మూడేసి గ్రూపులు కాల్చి చూసుకోవచ్చు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, వేళ్లకి అంటుకున్నది సీసం.